మానసిక ఆఘాతానికి చికిత్స: మనిషిని బట్టి ఏం మారుతుంది, ఏం మారదు? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రమాదం, దాడి, లైంగిక హింస, యుద్ధం, చిన్నతనంలో ఏళ్లపాటు సాగిన వేధింపులు... ఇలాంటి వాటి తర్వాత మనసు కుదుటపడక థెరపీకి వెళ్లాలనుకునేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. వరసగా చదవనక్కర్లేదు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

ఒకే ప్రమాదం నుంచి బయటపడ్డ ఇద్దరికి ఒకే చికిత్స ఎందుకు సరిపోదు?

ప్రమాదం ఒకటే అయినా ఇద్దరి మనసుల్లో మిగిలింది ఒకటి కాదు కాబట్టి. బోల్తా పడిన బస్సులోంచి ప్రాణాలతో బయటపడ్డ ఇద్దరిని తీసుకుందాం. ఒకతనికి బ్రేకు శబ్దం వినపడితే చాలు, గుండె దడ మొదలవుతుంది. బస్సెక్కడం మానేశాడు, చివరికి ఆ దారిన నడవడం కూడా మానేశాడు. రెండో ఆమె వారం తిరక్కుండానే మళ్లీ బస్సెక్కింది. ఆమెకు భయం లేదు. ఆమెను లోలోపల తినేస్తున్నది వేరే ఉంది: "కిటికీ పక్క సీటు కావాలని తమ్ముడు అడిగితే లేచి ఇచ్చింది నేనే."

మొదటి మనిషికి, భయపడే వాటిని కొద్దికొద్దిగా ఎదుర్కొనే చికిత్స బాగా పనికొస్తుంది. రెండో ఆమెను ఎన్నిసార్లు బస్సెక్కించినా ఒరిగేదేమీ ఉండదు. ఆమె తన మీద తాను మోపుకున్న నేరాన్ని విప్పి చూసుకోవాలి. ఆ తమ్ముడు ప్రమాదంలో పోయి ఉంటే, దుఃఖానికి విడిగా చోటు ఇవ్వాలి.

కాగితం మీద ఇద్దరికీ రాసే జబ్బు పేరు మాత్రం పీటీఎస్‌డీయే (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే ఆఘాతం తర్వాత తగ్గకుండా మిగిలిపోయే మానసిక ఒత్తిడి జబ్బు) కావచ్చు. ఈ పేరు 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వేసే మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎం మూడో కూర్పుతో వాడుకలోకి వచ్చింది. 2013 నాటి ఐదో కూర్పులో దీని లక్షణాలు మొత్తం 20. వాటిని నాలుగు గుంపులు చేశారు: జరిగింది పదే పదే కళ్లముందుకు రావడం, దాన్ని గుర్తుచేసే వాటిని తప్పించుకు తిరగడం, ఆలోచనలూ మూడ్ చెడుగా మారిపోవడం, ఎప్పుడూ ఉలికిపాటుగా ఉండటం. ఇద్దరు పేషెంట్లలో ఈ 20 ఒకే తీరుగా కలవడం అరుదు.

ఇలాంటిది జరిగిన ప్రతి ఒక్కరికీ థెరపీ కావాలా?

అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఘటనను ఎదుర్కొనేవాళ్లు దాదాపు 70 శాతం. వాళ్లలో పీటీఎస్‌డీ వచ్చేది 5.6 శాతం మందికే. మొదటి కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, అదే పనిగా గుర్తుకురావడం చాలామందిలో ఉంటాయి, వాటంతట అవే తగ్గుతాయి. అందుకే నెల దాటితే తప్ప పీటీఎస్‌డీ అని రాయరు.

ఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి "అసలేం జరిగిందో మొత్తం చెప్పండి" అని ఒకే సిట్టింగులో కక్కించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. దాన్ని డీబ్రీఫింగ్ అంటారు. దానివల్ల పీటీఎస్‌డీ ఆగదని తేలడంతో, బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లో అది వద్దని స్పష్టంగా రాసింది. ఘటన జరిగిన తొలి రోజుల్లో కావాల్సింది భద్రత, తిండి, నిద్ర, అయినవాళ్లు పక్కన ఉండటం, మాట్లాడాలనిపిస్తే వినే మనిషి.

అయితే నెల గడిచేదాకా ఆగాలన్నది అందరికీ వర్తించే నియమం కాదు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే, తనకు తాను హాని చేసుకుంటుంటే, రోజువారీ పనులే ఆగిపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి గానీ అత్యవసర విభాగానికి గానీ వెళ్లాలి.

మొదటి రోజే జరిగినదంతా చెప్పాలా?

లేదు. "దాడి జరిగింది, పోయిన ఏడాది" అన్న రెండు ముక్కలు మొదటి రోజుకు చాలు. మంచి థెరపిస్ట్ అప్పటికి అంతకంటే లోతుగా తవ్వరు.

అడిగేవి వేరే ఉంటాయి, కొన్ని మీకు సంబంధం లేనివిగా కూడా అనిపిస్తాయి. ఇప్పుడు మీరుంటున్న చోటు సురక్షితమేనా? రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, గురక ఉందా? తలకు దెబ్బ తగిలిందా? ఒంట్లో తగ్గని నొప్పులున్నాయా? తాగుడు, నిద్రమాత్రలు? గర్భవతా? ఇంతకుముందు థెరపీ చేయించుకుంటే మధ్యలో ఎందుకు మానేశారు? ఈ చివరి ప్రశ్నకు నిజాయతీగా జవాబివ్వండి, దీనివల్ల దొరికే సమాచారం చాలా విలువైనది. "కళ్లు మూసుకోమన్నారు, నాకు ఊపిరాడలేదు" అని మీరు చెబితే, ఈసారి అదే పొరపాటు జరగకుండా మొదలుపెడతారు.

దాంతోపాటు పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల ఫారం ఇస్తారు. ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు, మొత్తం 80. సాధారణంగా 31-33 దాటితే పీటీఎస్‌డీ ఉండొచ్చని అనుమానిస్తారు. ఫారం ఒక్కటే చూసి జబ్బు తేల్చకూడదు, మాట్లాడి నిర్ధారించుకోవాలి. అయినా మొత్తం స్కోరు కంటే ఏ ప్రశ్నలకు 4 వేశారన్నదే నాకు ఎక్కువ పనికొచ్చే విషయంగా అనిపిస్తుంది. చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడే తెలుస్తుంది.

ఏయే థెరపీలు ఉన్నాయి? ఎవరికి ఏది సరిపోతుంది?

బలమైన ఆధారాలున్నవి నిజానికి కొన్నే. అమెరికాలో మాజీ సైనికుల విభాగం, రక్షణ శాఖ కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ముందు వరసలో నిలబెట్టినవి మూడు.

మొదటిది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. ఎడ్నా ఫోవా రూపొందించారు. సాధారణంగా 8 నుంచి 15 సిట్టింగులు. జరిగినదాన్ని వర్తమానంలో జరుగుతున్నట్టు చెప్పించడం, ఆ రికార్డింగును ఇంట్లో వినమనడం, తప్పించుకు తిరుగుతున్న చోట్లకు మెల్లమెల్లగా వెళ్లమనడం ఇందులో ముఖ్యం. భయం, తప్పించుకోవడం ఎక్కువగా ఉన్నవాళ్లకు దీన్ని ముందుగా ఆలోచిస్తారు.

రెండోది కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ. దీన్ని తయారుచేసింది పట్రీషియా రెసిక్. మామూలుగా 12 సిట్టింగులు. "తప్పు నాదే", "ఇక ఎవర్నీ నమ్మకూడదు" లాంటి మాటలు మనసులో ఎక్కడ ఇరుక్కుపోయాయో పట్టుకుని, కాగితం మీద పెట్టి, సాక్ష్యాలతో పరీక్షిస్తారు. అపరాధ భావం, సిగ్గు ముందున్నవాళ్లకు సరిగ్గా అతుకుతుంది. హోంవర్క్ ఎక్కువ. రాయడం, చదవడం ఇబ్బందైతే ఫారాలను సులువు చేసి, నోటిమాటగానూ చేయించవచ్చు.

మూడోది ఈఎండీఆర్. ఫ్రాన్సీన్ షాపీరో 1989లో దీనిపై తొలి అధ్యయనం ప్రచురించారు. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుంటూనే థెరపిస్ట్ వేలి వెంట కళ్లు అటూ ఇటూ కదపాలి. మొత్తం ఎనిమిది దశలు. కళ్ల కదలికే మేలు చేస్తోందా, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం మేలు చేస్తోందా అన్న వాదన ఇంకా తెగలేదు. కానీ పనిచేస్తుందనడానికి ఆధారాలున్నాయి. వివరాలన్నీ నోటితో చెప్పనక్కర్లేదు కాబట్టి కొందరికి ఇదే తేలిక.

ఇవి కాక, ఒకటి కాదు పది ఘోరాలు చూసినవాళ్ల కోసం, ముఖ్యంగా యుద్ధాల నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల కోసం వచ్చింది నరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ. నేల మీద ఒక తాడు పరుస్తారు, అది మీ జీవితం. మంచి జరిగిన చోట పువ్వు, చెడు జరిగిన చోట రాయి పెడతారు. తర్వాత ఒక్కో రాయి దగ్గర ఆగి మాట్లాడతారు. "ఏ ఘటన నుంచి మొదలుపెట్టాలి?" అన్న గందరగోళం ఉన్నవాళ్లకు ఈ వరస ఎంత సాయం చేస్తుందో!

సగటున చూస్తే మొదటి మూడింటి మధ్య తేడా పెద్దగా లేదు. కాబట్టి "నాకు ఏది బెస్ట్?" అని టెన్షన్ పడేకన్నా, "దేనికైతే నేను ప్రతివారం వెళ్లగలను?" అని మిమ్మల్ని మీరు అడగడం మేలు.

ఎక్స్‌పోజర్ అంటే ఆ నరకాన్ని మళ్లీ చూపించడమే కదా?

ఈ భయం ఉన్నవాళ్లు చాలామంది, భయపడటంలో తప్పూ లేదు. అసలు ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం.

కారు ప్రమాదం తర్వాత డ్రైవింగ్ మానేసిన ఒకామె ఉందనుకోండి. థెరపిస్టూ ఆమె కలిసి ఒక లిస్టు రాస్తారు. ప్రతిదానికీ 0 నుంచి 100 లోపు ఎంత భయమో ఆమే అంకె వేస్తుంది. ఆపి ఉన్న కారులో డ్రైవర్ సీట్లో తలుపు తీసి కూర్చోవడం: 35. తలుపు వేసి ఇంజను ఆన్ చేయడం: 50. ఖాళీ వీధిలో ఒక రౌండు: 60. ప్రమాదం జరిగిన కూడలి: 95. మొదలుపెట్టేది 35 దగ్గర. మొదటిరోజు చేతులు స్టీరింగ్ మీద వణుకుతాయి, అరచేతులకు చెమట పడుతుంది. లేచి వెళ్లిపోకుండా అలాగే అరగంట, ముప్పావుగంట కూర్చుంటే ఎక్కువసార్లు ఆ అంకె తగ్గుతుంది. తగ్గకపోయినా, "పారిపోకపోయినా నాకేం కాలేదు" అన్నది ఒళ్లు నేర్చుకుంటుంది. రేపూ అదే, ఎల్లుండీ అదే.

వ్యక్తికి తగ్గట్టు మార్చేది ఇక్కడే. ఆ లిస్టు ఆమెదే. ఇంకొకరికి కూడలి 40 ఉండి, పెట్రోలు వాసన 95 ఉండొచ్చు. ఏ మెట్టు దగ్గర ఎన్ని రోజులు ఆగాలి, పక్కన ఎవరుండాలి, ఎక్కడ ఆపాలి అన్నీ మాట్లాడుకునే చేస్తారు. మార్చకూడనిది ఒక్కటే: మెట్లు ఎక్కుతూనే ఉండటం.

నేను జరిగింది నోటితో చెప్పలేను. నాకు దారి లేదా?

ఉంది. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీని ఘటన వివరాలు రాయించకుండానే చేసే రూపం ఉంది. అందులో మాట్లాడేది ఆ ఘటన మీలో మిగిల్చిన నమ్మకాల గురించే. ఈఎండీఆర్‌లోనూ చెప్పాల్సింది తక్కువ. నోరు పెగలదు గానీ చెయ్యి కదులుతుంది అంటారా, రాతతో చేసే రిటన్ ఎక్స్‌పోజర్ థెరపీ ఉంది. అది ఐదు సిట్టింగులే. ప్రతిసారీ ఓ అరగంట రాస్తారు, ఇంటికి హోంవర్క్ ఉండదు.

గతం జోలికే వెళ్లనంటే, ఇప్పటి సమస్యల మీదే పనిచేసే ప్రెజెంట్ సెంటర్డ్ థెరపీ ఉంది. మొత్తమ్మీద కాస్త తక్కువ ఫలితమిచ్చినా, మధ్యలో మానేసేవాళ్లు ఇందులో తక్కువ. మానేసిన గొప్ప చికిత్స కంటే పూర్తిచేసిన మామూలు చికిత్స నయం.

నాకు జరిగింది ఒక్కసారి కాదు, చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి. అది వేరే జబ్బా?

కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో కాంప్లెక్స్ పీటీఎస్‌డీ విడిగా ఉంది. మామూలు పీటీఎస్‌డీ లక్షణాలకు తోడు మరో మూడు ఉంటాయి: భావోద్వేగాలు అదుపులో లేకపోవడం, "నేను పనికిరానిదాన్ని" అన్న పాతుకుపోయిన భావన, మనుషులతో దగ్గరితనం నిలబెట్టుకోలేకపోవడం.

దీనికి దశలవారీ చికిత్స అన్న ఆలోచన అమెరికన్ సైకియాట్రిస్ట్ జూడిత్ హెర్మన్ 1992లో ప్రతిపాదించిన మూడు మెట్ల వల్ల బాగా వ్యాపించింది. ముందు భద్రత, నిలకడ. తర్వాత జ్ఞాపకాలు, దుఃఖం. ఆ తర్వాత జీవితంతో మళ్లీ కలవడం. ఇక్కడ నిపుణుల్లోనే భేదాభిప్రాయముంది. కొందరు మొదటి మెట్టు తప్పనిసరి అంటారు. ఇంకొందరు, ఆ పేరుతో అసలు చికిత్సను నెలలకు నెలలు వాయిదా వేస్తున్నారని, చాలామంది పేషెంట్లు నేరుగా జ్ఞాపకాల మీద పనిని తట్టుకోగలరని అంటారు. నా ఉద్దేశంలో రెండో వర్గం మాటలో బలం ఎక్కువ. వారానికి మూడుసార్లు చెయ్యి కోసుకునే మనిషికి ముందు కోపాన్ని, ఆవేశాన్ని ఆపుకునే నైపుణ్యాలు నేర్పాల్సిందే. కానీ ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ, రాత్రిళ్లు పీడకలలతో లేచే మనిషిని "మీరింకా రెడీగా లేరు" అని ఏడాది కూర్చోబెట్టడం న్యాయం కాదు. పైగా ఆ మాట వినేవాళ్లకు "నేను అంత పాడైపోయానా" అన్న అర్థంలో చేరుతుంది.

సిట్టింగ్ మధ్యలో ఉన్నట్టుండి మొద్దుబారిపోతాను, గొంతులు దూరం నుంచి వినిపిస్తాయి. అప్పుడెలా?

దీన్ని డిసోసియేషన్ అంటారు. ముందే థెరపిస్టుకు చెప్పండి. ఆ స్థితిలో జ్ఞాపకం గురించి ఎంత మాట్లాడినా మనసుకు ఎక్కదు. అందుకే కళ్లు తెరిచే ఉంచడం, నిలబడి మాట్లాడటం, చేతిలో చల్లటి వస్తువు పట్టుకోవడం, గదిలో కనపడే ఐదు వస్తువుల పేర్లు చెప్పడం వంటివి మధ్యమధ్యలో చేయిస్తారు.

ఇవి కూడా అందరికీ ఒకటి కాదు. "గట్టిగా ఊపిరి పీల్చండి" అన్న సలహా చాలామందికి మంచిదే. నీళ్లలో మునిగి బతికినవాళ్లకు, గొంతు నులిమితే తప్పించుకున్నవాళ్లకు శ్వాస మీద ధ్యాస పెట్టడమే భయాన్ని లేపవచ్చు. వాళ్లకు పాదాలు నేలకు ఆనించి నొక్కడం మేలు. గదిలో కుర్చీ ఎక్కడుండాలన్నది కూడా చిన్న విషయం కాదు. తలుపు కనపడేలా కూర్చుంటాననండి, ఎవరూ తప్పు పట్టరు.

మందులు వాడాలా?

వాడొచ్చు, అందరికీ అక్కర్లేదు. థెరపీ దొరికే పరిస్థితి ఉంటే ముందు దాన్నే సూచిస్తారు. మందుల్లో సెర్ట్రలిన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లకు ఆధారాలున్నాయి. తీవ్రమైన డిప్రెషన్ కూడా ఉంటే, థెరపిస్ట్ దొరకడానికి నెలలు పడితే, మీకే మందులు ఇష్టమైతే సైకియాట్రిస్ట్ వీటిని ఆలోచిస్తారు. గర్భం, ఇతర జబ్బులు, ఇప్పటికే వాడుతున్న మాత్రలను బట్టి ఎంపిక మారుతుంది.

జాగ్రత్త పడాల్సింది ఆల్ప్రజోలమ్, డయాజిపామ్ లాంటి బెంజోడయాజిపైన్ల విషయంలో. ఆ రాత్రికి నిద్ర పడుతుంది, నిజమే. కానీ పీటీఎస్‌డీ తగ్గదు, అలవాటు పడే ప్రమాదముంది. పైన చెప్పిన 2023 మార్గదర్శకాలు వీటిని పీటీఎస్‌డీకి వాడొద్దనే చెబుతున్నాయి. ఇప్పటికే వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

తాగుడు మానితేనే థెరపీ అంటున్నారు. అది సరైనదేనా?

పాత పద్ధతి అది. పీడకలలు తట్టుకోలేక తాగేవాణ్ణి ముందు తాగుడు మానమంటే, పీడకలలు అలాగే ఉంటాయి కదా. రెంటికీ కలిపి చేసే చికిత్సలు ఇప్పుడున్నాయి. మత్తులో సిట్టింగుకు రాకూడదు, అంతవరకు షరతు పెట్టడం సబబే. రోజూ విపరీతంగా తాగేవాళ్లు మానేటప్పుడు వచ్చే వణుకు, ఫిట్స్ ప్రమాదకరం కాబట్టి ఆ భాగం డాక్టర్ పర్యవేక్షణలో జరగాలి.

పిల్లలకు ఎలా చేస్తారు?

పిల్లలు మాటల్లో చెప్పకపోవచ్చు. అదే ఘటనను ఆటలో మళ్లీ మళ్లీ ఆడతారు, పక్క తడుపుతారు, అమ్మను వదలరు. 3 నుంచి 18 ఏళ్ల వాళ్లకు ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆఘాతం చుట్టూ ఉన్న ఆలోచనలను, ప్రవర్తనను మార్చే థెరపీ) ఎక్కువగా వాడతారు, మామూలుగా 12 నుంచి 16 సిట్టింగులు. బొమ్మలు గీయించడం, చిన్న పుస్తకంలా కథ రాయించడం ఇందులో ఉంటాయి. తల్లి గానీ తండ్రి గానీ, పెంచుతున్న పెద్దవాళ్లెవరో ఒకరు థెరపీలో భాగమవుతారు. హాని చేసినవాళ్లు ఇంట్లోవాళ్లే అయితే ఆ పెద్ద ఎవరన్నది జాగ్రత్తగా తేల్చుకోవాలి.

హింస ఇంకా ఆగలేదు. ఇప్పుడు థెరపీకి వెళ్లి లాభమేంటి?

లాభముంది, కానీ పని వేరు. నిజంగానే ప్రమాదంలో ఉన్న మనిషికి "ఆ భయం పాతది, వదిలేయండి" అని నేర్పడం తప్పే కాదు, ప్రమాదకరం కూడా. ముందు భద్రతా ప్రణాళిక: ఎవరికి ఫోన్ చేయాలి, కాగితాలు ఎక్కడ పెట్టాలి, ఎక్కడికి వెళ్లాలి. ఫోన్‌లో సిట్టింగులైతే ఎవరూ వినని సమయం, అనుకోకుండా ఎవరైనా గదిలోకి వస్తే వాడటానికి ఒక సంకేత మాట ముందే అనుకోవాలి. పూర్తి భద్రత వచ్చేదాకా ఆగాలని కూడా లేదు. నిజమైన అపాయం ఏది, పాత జ్ఞాపకం లేపిన అపాయం ఏది అని వేరుచేసుకోవడం మీద పని మొదలుపెట్టవచ్చు.

నా నమ్మకాలు, నా భాష థెరపిస్టుకు అర్థం కాకపోతే?

అడిగి తెలుసుకోవడం వాళ్ల పని. దీనికోసమే డీఎస్‌ఎం-5లో 16 ప్రశ్నల కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ చేర్చారు. ఈ బాధకు కారణమేమిటని మీరనుకుంటున్నారు, మీవాళ్లు ఏమంటున్నారు, ఇప్పటిదాకా ఏం చేసి చూశారు వంటివి అడుగుతారు. ప్రార్థన మీకు బలమైతే అది చికిత్సలో భాగం కావచ్చు. "ఇది నా పాపానికి శిక్ష" అన్న నమ్మకం ఉంటే అదీ చెప్పండి, దాచిపెడితే అది అక్కడే గట్టిపడుతుంది. దుబాసీ అవసరమైతే ఇంట్లోవాళ్లను, ముఖ్యంగా పిల్లలను ఆ పనికి పెట్టకూడదు.

ఎన్నాళ్లు పడుతుంది?

ఒకే ఘటన అయితే వారానికొకటి చొప్పున మూడు నాలుగు నెలలు సాధారణం. కాంప్లెక్స్ పీటీఎస్‌డీకి ఎక్కువ పట్టవచ్చు. వారం వారం రావడం కుదరనివాళ్లకు రోజూ ఒకటి చొప్పున రెండు వారాల్లో ముగించే పద్ధతులున్నాయి. వీడియో కాల్‌లో చేసినా ఫలితం బాగానే ఉంటుంది.

పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

మొదట్లో నింపిన ఫారమే వారం వారం నింపండి. పీసీఎల్-5లో 10 మార్కుల తగ్గుదలను నిజమైన మార్పుగా లెక్కలోకి తీసుకుంటారు. జ్ఞాపకాలు కదిపిన కొత్తలో ఒకటి రెండు వారాలు కొందరికి పీడకలలు పెరుగుతాయి, దానికే మానేయనక్కర్లేదు. ఆరేడు సిట్టింగులైనా అంకె కదలకపోతే మాత్రం అడగాల్సిందే. కారణం చాలాసార్లు చికిత్సలో కాదు, చుట్టూ ఉంటుంది: నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, తగ్గని నొప్పి, హోంవర్క్ చేయడానికి ఇంట్లో ఏకాంతం లేకపోవడం. ఒక్కోసారి మొదలుపెట్టిన ఘటనే తప్పు కావచ్చు. పేషెంట్ ప్రమాదం గురించి చెబుతుంటారు, నిజంగా నలిపేస్తున్నది అంతకుముందెప్పుడో జరిగిన ఇంకొకటి.

"మీకు తగ్గట్టు మార్చి చేస్తాను" అనే ప్రతి థెరపిస్టునూ నమ్మొచ్చా?

ఆ మాట మంచిదే, కానీ దాని చాటున రెండు రకాలు ఉంటాయి. ఒకరు పద్ధతి తెలిసి మారుస్తారు. ఇంకొకరు పద్ధతి తెలియక ప్రతివారం తోచింది చేస్తారు. మీరు ఏడిస్తే ఆ టాపిక్ వదిలేసి, వచ్చే వారం వేరే మాటలు మాట్లాడి పంపితే హాయిగానే ఉంటుంది. అది మీ తప్పించుకునే అలవాటుకు థెరపిస్ట్ కూడా తోడవడం.

తేల్చుకోవడానికి నేరుగా అడగండి: మీరు వాడే పద్ధతి పేరేంటి, దానిలో శిక్షణ తీసుకున్నారా, నా విషయంలో ఏం మారుస్తున్నారు, ఎందుకు, ఎన్ని వారాలకు సమీక్షిస్తారు? తెలిసినవాళ్లు ఈ ప్రశ్నలకు చిరాకుపడరు.

థెరపిస్టును మార్చుకోవచ్చా?

నిరభ్యంతరంగా. కుదిరితే ఒక్కసారి ఆ అసంతృప్తిని వాళ్లతోనే చెప్పి చూడండి, చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది. మారాలనే అనుకుంటే, చేసిన పని వివరాలు, స్కోర్లు ఉన్న చిన్న నోట్ అడిగి తీసుకోండి. కొత్త చోట కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిన బాధ తప్పుతుంది.